మూతపడి మళ్ళీ తెరిచిన స్క్వాడ్రన్ పాతదేనా, కొత్తదా? (మా నాయన 18వ నంబరు గొడవ)

కొర్లగుంట_శీను
మొన్న మా నాయన పెద్దకర్మ అయ్యాక ఆయన ట్రంకు పెట్టె తెరిచాం. ఎయిర్‌ఫోర్స్‌లో పదిహేనేళ్ళు చేసి వచ్చి, ఆ తర్వాత తిరుపతిలో మోటార్ వైండింగ్ షాపు పెట్టుకున్న మనిషి. పెట్టెలో నీలం ఉన్ని టోపీ, డిశ్చార్జి బుక్కు, ఒక బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఉన్నాయి. ఫోటోలో చిన్న విమానం ముందు ఎనిమిది మంది నిలబడి ఉన్నారు. వెనక పెన్సిల్‌తో '18 స్క్వాడ్రన్, గ్నాట్, జనవరి 72' అని రాసి, కింద పేర్లు. స్క్వాడ్రన్ అంటే యుద్ధవిమానాల దళం, గ్నాట్ అంటే ఆ చిన్న విమానం పేరు.

నేను ఆ ఫోటోకి కాపీ తీయించి, కోయంబత్తూరు దగ్గర సూలూరులో మళ్ళీ తెరిచిన 18వ స్క్వాడ్రన్‌కి పంపిద్దాం అన్నాను. తేజస్‌లు ఇచ్చారు కదా వాళ్ళకి, పేపర్లో చదివాను. మా బావ అడ్డం పడ్డాడు. "ఆ స్క్వాడ్రన్ 2016లోనే మూసేశారు, ఇది వేరేది, పేరు మాత్రం పెట్టుకున్నారు, నువ్వు పంపినా వాళ్ళకి అర్థం కాదు" అంటాడు. కర్మ భోజనాల దగ్గర ఇద్దరం గట్టిగానే అరుచుకున్నాం, అమ్మ లేచి వచ్చి తిట్టింది.

నాయన ఉద్యోగం గురించి ఇంట్లో ఎప్పుడూ ఎక్కువ చెప్పలేదు. మెకానిక్‌ని అనేవాడు, అంతే. అలవాట్లు మాత్రం మిగిలాయి. బూట్లు తుడవనిదే గడప దాటడు, పాలవాడి నుంచి కండక్టర్ దాకా అందర్నీ బ్రదర్ అంటాడు, పొద్దున నాలుగున్నరకి లేస్తాడు. తెలిసినవాళ్ళు చెప్పండి, మూసేసి మళ్ళీ తెరిచిన స్క్వాడ్రన్ అదే స్క్వాడ్రనా కాదా?

రేణిగుంట_జంక్షన్
బావతో గొడవ పెట్టుకోకు అన్నా, ఆస్తి పంపకాలు ఇంకా ఉన్నాయి.

చంద్రగిరి_కోట
మీ బావ చెప్పింది కరెక్ట్. విమానం వేరు, ఊరు వేరు, మనుషులు వేరు. గాంధీ రోడ్డులో పాత హోటల్ బోర్డు ఉంచి లోపల వేరేవాళ్ళు వండితే అది పాత హోటల్ అవుతుందా? సాంబారు నోట్లో పెట్టుకుంటే తెలిసిపోతుంది.

మదనపల్లె_టమాటా
ఏపీ 03 నంబరున్న పాత స్కూటర్ నంబరు ప్లేటు పీకి కొత్త కారుకి తగిలించినట్టు అన్నమాట.

పలమనేరు_కార్పొరల్
టమాటా తమాషాకి అన్నాడు గానీ, వాయుసేనలో దాన్ని నిజంగానే 'నంబర్‌ప్లేట్ చేయడం' అంటారు. నేను మాజీ ఎయిర్‌మన్‌ని, అజీత్ విమానాల మీద పనిచేశాను, వేరే స్క్వాడ్రన్‌లో.

స్క్వాడ్రన్‌ని రద్దు చేయడం వేరు, నంబర్‌ప్లేట్ చేయడం వేరు. పాత విమానాలు ఆయుష్షు తీరి పోతాయి, కొత్తవి ఇంకా రాలేదు. అప్పుడు మనుషుల్ని వేరే యూనిట్లకి పోస్టింగ్ ఇచ్చేస్తారు. నంబరు, చిహ్నం, నినాదం, చరిత్ర రాసిన పుస్తకాలు, వెండి ట్రోఫీలు, రాష్ట్రపతి ఇచ్చిన జెండా దాచిపెడతారు. కొత్త విమానం వచ్చాక అదే నంబరుతో లేపుతారు. దాన్ని ఇంగ్లీషులో పునరుత్థానం అనే మాటతోనే పిలుస్తారు. కొత్తగా పెట్టినదానికి ఆ మాట వాడరు. కాబట్టి శీనూ, నీ మాట నెగ్గింది.

చంద్రగిరి_కోట
మాట వాడినంత మాత్రాన అయిపోతుందా సార్? 2016లో చెదిరిపోయినవాళ్ళలో 2020లో ఎంతమంది తిరిగి వచ్చారు?

పలమనేరు_కార్పొరల్
ఎంతమంది వస్తే నీకేం? స్క్వాడ్రన్ తెరిచే ఉన్నా మనుషులు ఉండరు. మూడు నాలుగేళ్ళకి ఒకసారి పోస్టింగ్. 1965లో ఉన్నవాడు 1975లో ఉండడు. మీ లెక్క ప్రకారం ప్రతి ఐదేళ్ళకీ కొత్త స్క్వాడ్రనే.

ఎస్వీయూ_హిస్టరీ
ఇద్దరూ తేదీలు చెప్పకుండా కొట్టుకుంటున్నారు. 18వ స్క్వాడ్రన్ జాతకం ఇది:

పుట్టింది 1965 ఏప్రిల్ 15న, గ్నాట్ విమానాలతో. పేరు 'ఫ్లయింగ్ బుల్లెట్స్'. నినాదం 'తీవ్ర ఔర్ నిర్భయ', అంటే వేగం, నిర్భయం. గ్నాట్ తర్వాత దాన్నే మెరుగుపరిచి బెంగళూరు హెచ్‌ఏఎల్ చేసిన అజీత్, ఆ తర్వాత మిగ్-27. 2015 నవంబర్‌లో రాష్ట్రపతి స్టాండర్డ్, అంటే కార్పొరల్ గారు చెప్పిన ఆ జెండా, అందుకుంది. అది అందుకుని ఐదు నెలలు తిరగకుండానే 2016 ఏప్రిల్ 15న నంబర్‌ప్లేట్ చేశారు. తేదీ చూశారా? సరిగ్గా పుట్టినరోజు నాడే. 2020 ఏప్రిల్ 1న సూలూరులో మళ్ళీ లేపారు, మే 27న అప్పటి వాయుసేనాధిపతి భదౌరియా వచ్చి తేజస్‌లతో ప్రారంభించారు. మనం అందరం లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని అప్పడాలు ఎండబెట్టుకుంటున్న రోజులు.

తేజస్ స్క్వాడ్రన్‌లలో ఇది రెండోది. మొదటిది 45వది, 'ఫ్లయింగ్ డాగర్స్', 2016 జులై 1న బెంగళూరులో మొదలై 2018లో సూలూరు వెళ్ళింది. అదీ పాత నంబరే, అంతకు ముందు మిగ్-21లు నడిపింది. 1999 ఆగస్టులో కచ్ దగ్గర పాకిస్తాన్ అట్లాంటిక్ విమానాన్ని కూల్చింది ఆ స్క్వాడ్రనే.

పుత్తూరు_కట్టు
విరిగిన ఎముకకి కట్టు కట్టి నాలుగేళ్ళు ఉంచితే అతుక్కుంటుంది. అదే చెయ్యి అంటారా, వేరే చెయ్యి అంటారా? మా ఊరి అభిప్రాయం: అదే చెయ్యి. డబ్బులు కౌంటర్‌లో కట్టండి.

లడ్డూ_ప్రియ
😂😂 పుత్తూరు గారూ

రేణిగుంట_జంక్షన్
శీనన్నా, మీ నాయన స్క్వాడ్రన్ మామూలుది కాదు. గ్నాట్‌ని 'సేబర్ స్లేయర్' అంటారు, సేబర్లని చంపేది అని. సేబర్ అంటే అప్పట్లో పాకిస్తాన్ వాడిన ఫైటర్ విమానం. 1965లో పాకిస్తాన్ సేబర్‌ని మొదట కూల్చిన కీలర్ సార్ ఇందులోనే.

పలమనేరు_కార్పొరల్
కాదు. ట్రెవర్ కీలర్ 23వ స్క్వాడ్రన్. వాళ్ళ అన్నదమ్ములు ఇద్దరికీ ఒకే యుద్ధంలో వీర చక్ర వచ్చింది. 1971లో బోయ్రా దగ్గర సేబర్లను కొట్టింది 22వ స్క్వాడ్రన్, కలకత్తా డమ్‌డమ్ నుంచి వెళ్ళారు. గ్నాట్ అనగానే అన్నీ ఒకే బుట్టలో వేయొద్దు. ఎవరి స్క్వాడ్రన్ వాళ్ళకి ఇంటిపేరు లాంటిది.

రేణిగుంట_జంక్షన్
సారీ సార్. బోయ్రాలో పట్టుబడ్డ పాకిస్తాన్ పైలట్ తర్వాత వాళ్ళ వాయుసేనకే అధిపతి అయ్యాడు కదా?

ఎస్వీయూ_హిస్టరీ
అవును, పర్వేజ్ మెహదీ ఖురేషీ. 1971 నవంబర్ 22న ప్యారాషూట్‌తో దిగి మనకి చిక్కాడు, 1997లో చీఫ్ అయ్యాడు. ఇంకో తమాషా, మన గ్నాట్ ఒకటి ఇప్పటికీ కరాచీ మ్యూజియంలో ఉంది. 1965 సెప్టెంబర్ 3న మన పైలట్ ఒకాయన దారి తప్పి పస్రూర్‌లో దిగేశాడు, అది వాళ్ళ రన్‌వే.

మదనపల్లె_టమాటా
రాత్రిపూట తిరుపతి బస్సు అనుకుని తిరువళ్ళూరు బస్సు ఎక్కినట్టు.

అలిపిరి_మెట్లు
టాపిక్‌కి రండి. 18వ స్క్వాడ్రన్ అంటే నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్. ఇంతసేపు ఆ పేరు ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. వాయుసేన మొత్తానికి ఇప్పటిదాకా వచ్చింది ఒకే ఒక్క పరమవీర చక్ర, అది ఆ స్క్వాడ్రన్‌దే.

కొర్లగుంట_శీను
ఆ పేరు విన్నాను గానీ నాయన స్క్వాడ్రన్ అని తెలీదు! ఇంట్లో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఎప్పుడు జరిగింది? ఫోటో జనవరి 72 కదా.

ఎస్వీయూ_హిస్టరీ
1971 డిసెంబర్ 14. మీ ఫోటోకి కొన్ని వారాల ముందు.

1948 నాటి ఒప్పందం వల్ల శ్రీనగర్‌లో యుద్ధం వచ్చేదాకా మన ఫైటర్లు పెట్టలేదు. యుద్ధం మొదలయ్యాక మొదట అక్కడ దిగి పనిచేసింది 18వ స్క్వాడ్రనే, అందుకే 'కాశ్మీర్ లోయ రక్షకులు' అనే పేరు వచ్చింది. అప్పటిదాకా మైదానాల్లో ఉన్న పైలట్లకి ఆ కొండలు, ఆ చలి, ఆ ఎత్తు కొత్త.

ఆ పొద్దున పెషావర్ నుంచి ఆరు సేబర్లు వచ్చాయి. ఇద్దరు పైలట్లు రెడీగా కాక్‌పిట్‌లలో ఉన్నారు, ఘుమన్, సెఖోన్. ఘుమన్ ముందు లేచాడు. ఆ దుమ్ము అణిగేదాకా ఆగి సెఖోన్ పరుగు అందుకునేసరికి రన్‌వే మీద బాంబులు పడడం మొదలైంది. అయినా ఆగలేదు. లేస్తూనే బాంబు వేసి పోతున్న సేబర్ల వెంట పడ్డాడు. ఘుమన్‌కీ ఈయనకీ మధ్య చూపు తెగిపోయింది. చెట్ల ఎత్తులో, ఒక్కడే, చుట్టూ సేబర్లు. ఒకదానికి గుండ్లు తగిలించాడు, ఇంకోదానికి నిప్పంటించాడు అని ఆయన అవార్డు పత్రంలో ఉంది. చివరికి ఆయన గ్నాట్‌కి దెబ్బ తగిలి కొండల్లో పడిపోయింది. శరీరం దొరకలేదు.

అదే రోజు అటు ఢాకాలో మన 28వ స్క్వాడ్రన్ మిగ్-21లు గవర్నర్ హౌస్ మీద రాకెట్లు వేశాయి. రెండు రోజుల్లో యుద్ధం అయిపోయింది. రెండు రోజులు.

రేణిగుంట_జంక్షన్
ఇక్కడ ఒక మాట. రెండు సేబర్లు అన్నది మన లెక్క. వాళ్ళు ఒక్కటి కూడా పోలేదు అంటారు. ఇందాక నా తప్పు దిద్దారు కాబట్టి నేనూ దిద్దుతున్నాను.

లడ్డూ_ప్రియ
అమరుడి దగ్గర కూడా లెక్కలు అడుగుతారా అన్నా?

రేణిగుంట_జంక్షన్
లెక్క అడగడం తక్కువ చేయడం కాదమ్మా.

పలమనేరు_కార్పొరల్
రేణిగుంట అన్నది తప్పేం కాదు. ప్రతి యుద్ధంలో రెండు వైపులా లెక్కలు కలవవు, గన్ కెమెరా రీలు దొరికితే తప్ప. కానీ ఆ పతకం కూలిన విమానాల సంఖ్యకి ఇచ్చారనుకుంటే పొరపాటు. బాంబులు పడుతున్న రన్‌వే మీద థ్రాటిల్ ముందుకి తోసినందుకు ఇచ్చారు. ఆ క్షణంలో బ్రేకు వేసి, దిగి, కందకంలోకి దూకినా ఎవరూ ఏమీ అనరు. నేను రన్‌వే పక్కన ఎన్నో ఏళ్ళు నిలబడ్డవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

చంద్రగిరి_కోట
దీనికి మాత్రం నా సెల్యూట్. వాదన వేరు.

పలమనేరు_కార్పొరల్
శీనూ, ఆ ఫోటోలో మీ నాయన ఎక్కడ నిలబడ్డాడు? చేతిలో ఏమైనా ఉందా? ఎయిర్‌మన్ ఫోటో చూస్తే ట్రేడ్ చెప్పేయొచ్చు.

కొర్లగుంట_శీను
ఎడమ నుంచి మూడో మనిషి. స్వెటర్ మోచేతుల దాకా మడిచాడు. మెడలో దండ ఉంది సార్. ఏదో సన్మానం అనుకున్నాం. అక్క కూతురు "తాతయ్యకి పూలదండ వేశారు" అంది కూడా. అందరూ సీరియస్‌గా ఉన్నారు, ఒక్కరూ నవ్వలేదు. దండ వేసి నవ్వకపోవడం ఏంటి అనుకున్నాను.

పలమనేరు_కార్పొరల్
దండని దగ్గరగా చూడు. భూతద్దం పెట్టు. పువ్వులేనా?

కొర్లగుంట_శీను
ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేశాను. పువ్వులు కావు. మొక్కజొన్న కంకుల్లా పొడుగ్గా ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో గొలుసులాగా ఏదో కలిపింది. ఒక కొస మోకాలి దాకా వేలాడుతోంది. ఏంటి సార్ ఇవి??

పలమనేరు_కార్పొరల్
అనుకున్నా. అవి 30 మిల్లీమీటర్ల గుండ్లు, బెల్టుతో సహా. మీ నాయన మెకానిక్ కాదు నాయనా, ఆర్మరర్. ఆయుధాల ఫిట్టర్. గుండ్లు నింపడం, తుపాకులు విప్పి తుడిచి మళ్ళీ బిగించడం ఆయన పని.

గ్నాట్‌కి రెండు ఏడెన్ తుపాకులు, ఇంజన్‌కి గాలి వెళ్ళే ద్వారాల పక్కన ఇటొకటి అటొకటి. ఒక్కోదానికి 115 గుండ్లు. ఒక్కో గుండు దాదాపు అర కిలో. అంటే ఒక విమానానికి నింపాలంటే నూటపది కిలోలకి పైనే భుజాల మీద మోసి, ఆ ఇరుకు పెట్టెలో మడతలు పడకుండా సర్దాలి. ఒక్క లింకు వంకరగా కూర్చుంటే పైన తుపాకీ జామ్ అవుతుంది. గ్నాట్ తుపాకులకి జామ్ అయ్యే జబ్బు ముందే ఉంది. పైలట్ బటన్ నొక్కినప్పుడు తుపాకీ పలకకపోతే, కింద ఉన్న ఆర్మరర్‌కి అన్నం దిగదు.

చలిలో ఇంకా నరకం. ఉన్ని గ్లవుజులు వేసుకుంటే లింకు పట్టు దొరకదు, విప్పితే ఇనుముకి చర్మం అంటుకుంటుంది. మీ నాయన వేళ్ళు ఎలా ఉండేవి?

కొర్లగుంట_శీను
కుడి చూపుడు వేలికి సగం గోరు లేదు సార్. వైండింగ్ మిషన్‌లో పోయింది అనుకున్నాం మేము.

పలమనేరు_కార్పొరల్
వైండింగ్ మిషన్ కూడా కావచ్చు. అన్నీ యుద్ధానికి అంటగట్టొద్దు.

హార్స్‌లీ_చలి
ఆ 115 గుండ్లు ఎంతసేపు వస్తాయి సార్?

పలమనేరు_కార్పొరల్
బటన్ వదలకుండా నొక్కి పట్టుకుంటే ఆరు సెకన్లు. నిమిషానికి 1200 చొప్పున కాలుస్తుంది మరి.

మదనపల్లె_టమాటా
మనం క్యూ కాంప్లెక్స్‌లో ఇరవై గంటలు కూర్చుని, స్వామి ముందు రెండు సెకన్లు నిలబడగానే 'జరగండి జరగండి' అన్నట్టుంది లెక్క.

అలిపిరి_మెట్లు
ఈసారి టమాటా మాటకి నవ్వలేకపోయాను. నిజంగా అలాగే ఉంది.

పలమనేరు_కార్పొరల్
గ్నాట్ గురించి ఒక మంచి మాట కూడా చెప్పాలి. అది కింది మనుషులకి అనుకూలమైన విమానం. ఎంత చిన్నదంటే రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 22 అడుగులు. సేబర్‌ది 37. నిచ్చెన అక్కర్లేదు, నేలమీద నిలబడే చాలా పనులు అయిపోతాయి. నేను చేసిన అజీత్‌కీ అదే సుఖం. తర్వాత వచ్చిన పెద్ద విమానాల మీద చేసినవాళ్ళని అడగండి, నడుం నొప్పి కథలు చెబుతారు.

పుత్తూరు_కట్టు
నడుం నొప్పి కథలకి మా ఊరు రండి.

హార్స్‌లీ_చలి
అసలు ఒక స్క్వాడ్రన్‌లో పైలట్లు ఎంతమంది, మీలాంటివాళ్ళు ఎంతమంది?

పలమనేరు_కార్పొరల్
విమానాలు పదహారు నుంచి పద్దెనిమిది. పైలట్లని వేళ్ళమీద కాకపోయినా సులభంగా లెక్కపెట్టొచ్చు. మిగతా జనమంతా మేమే. ఇంజన్, ఎయిర్‌ఫ్రేమ్, ఎలక్ట్రికల్, రేడియో, ఆయుధాలు, స్టోర్లు, వంటవాళ్ళు. ఫోటోలో ఎనిమిది మంది అంటే ఒక విమానం చుట్టూ తిరిగే బ్యాచ్ అయి ఉంటుంది.

ఎస్వీయూ_హిస్టరీ
మొదటి రోజు నుంచీ అంతే. వాయుసేన చట్టం వచ్చింది 1932 అక్టోబర్ 8న. 1933 ఏప్రిల్ 1న కరాచీలో మొదటి స్క్వాడ్రన్ మొదలైనప్పుడు నాలుగు వాపిటి విమానాలు, ఆరుగురు ఆఫీసర్లు, 19 మంది 'హవాయీ సిపాయిలు'. ఆఫీసర్ల పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ 19 మందివి వెతుక్కోవాలి.

మనవాళ్ళకి తెలియని ఇంకో సంగతి. 7వ స్క్వాడ్రన్ పుట్టింది మన విశాఖపట్నంలో, 1942 డిసెంబర్ 1న, వల్టీ వెంజెన్స్ అనే డైవ్ బాంబర్లతో. బర్మా యుద్ధంలో దాన్ని నడిపించిన పి.సి. లాల్ 1971 యుద్ధంలో మొత్తం వాయుసేనకే అధిపతి. అదే 7వ స్క్వాడ్రన్ తర్వాత హంటర్లు నడిపింది, 1985లో మిరాజ్-2000 తీసుకుంది, కార్గిల్‌లో టైగర్ హిల్ మీద లేజర్ బాంబులు వేసింది. విశాఖలో మొదలైనదానికీ గ్వాలియర్‌లో ఉన్నదానికీ ఒక్క బోల్టు కూడా కామన్‌గా లేదు. అయినా దాన్ని ఎవరూ వేరే స్క్వాడ్రన్ అనరు.

చంద్రగిరి_కోట
అది మధ్యలో మూతపడలేదు కదా! పోలిక కుదరదు. విమానం మారినా స్క్వాడ్రన్ నడుస్తూనే ఉంది. 18వది నాలుగేళ్ళు గాలిలో లేదు.

ఎస్వీయూ_హిస్టరీ
సరే, మూతపడినదే చెబుతా. 17వ స్క్వాడ్రన్, 'గోల్డెన్ యారోస్'. 1951లో పుట్టింది. కార్గిల్‌లో చనిపోయిన అజయ్ ఆహుజా దానివాడే. అప్పుడు దానికి కమాండింగ్ ఆఫీసర్ బి.ఎస్. ధనోవా. మిగ్-21లు పోయాక నంబర్‌ప్లేట్ అయింది. 2019 సెప్టెంబర్ 10న రఫేల్ కోసం అంబాలాలో మళ్ళీ లేపారు. లేపింది ఎవరు? వాయుసేనాధిపతి హోదాలో ఆ ధనోవాయే. తను నడిపిన స్క్వాడ్రన్‌ని తనే నిద్రలేపాడు. ఆయన్ని అడిగి చూడండి అది కొత్తదో పాతదో.

చంద్రగిరి_కోట
ఆయన్ని అడిగితే పాతదే అంటాడు. సొంత స్క్వాడ్రన్ మీద ప్రేమ ఉంటుంది కదా. నా ప్రశ్న అక్కడే ఉంది.

పలమనేరు_కార్పొరల్
ప్రేమ ఉన్నచోటే స్క్వాడ్రన్ ఉన్నట్టు. ఇంకేం కావాలి నీకు, రిజిస్ట్రేషన్ ఆఫీసు స్టాంపు పేపరా?

రేణిగుంట_జంక్షన్
కోట అన్న పాయింట్‌లో కూడా పస ఉంది. ఉండాల్సిన స్క్వాడ్రన్లు 42. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21లకి వీడ్కోలు చెప్పాక 29కి వచ్చింది లెక్క. నంబర్లు భద్రంగా దాచిపెట్టుకుని విమానాలు రాకపోతే, గోడ మీద చిహ్నాలు తప్ప ఏం మిగులుతుంది? ఆ చివరి మిగ్‌లు 23వ స్క్వాడ్రన్‌వి. ఇందాక మనం మాట్లాడుకున్న కీలర్ గారి నంబరే.

అలిపిరి_మెట్లు
తేజస్ ఆలస్యం మీద మొదలుపెడితే ఈ థ్రెడ్ తెల్లారదు. మొదటిసారి ఎగిరింది 2001 జనవరి 4న. మొదటి స్క్వాడ్రన్ 2016లో. పదిహేనేళ్ళు!

హార్స్‌లీ_చలి
దాన్ని డిజైన్ చేసిన టీమ్‌కి నాయకుడు మన తెలుగాయన, కోట హరినారాయణ గారు. బరంపురం నుంచి వచ్చారు. ఆ ఒక్క మాట చెప్పి తప్పుకుంటున్నాను, తిట్టొద్దు.

కలికిరి_క్యాడెట్
నేను సైనిక్ స్కూల్ స్టూడెంట్‌ని. మాకు డిసెంబర్‌లో స్పీచ్ ఉంటే సెఖోన్ సర్ గురించి చెప్పాను. పంజాబ్‌లో లూధియానా దగ్గర ఇసేవాల్ వాళ్ళ ఊరు. 2023లో అండమాన్‌లో ఒక దీవికి ఆయన పేరు పెట్టారు. ఇంకొకటి, ఆయన్ని స్క్వాడ్రన్‌లో అందరూ 'బ్రదర్' అని పిలిచేవాళ్ళట. ఎందుకంటే ఆయనే ఎవరు కనబడినా బ్రదర్ అని పిలిచేవాడట. నా స్పీచ్‌లో అందరికీ నచ్చింది ఆ ముక్కే.

కొర్లగుంట_శీను
ఒక్క నిమిషం.

లడ్డూ_ప్రియ
అయ్యో. మొదటి పోస్ట్ మళ్ళీ చదివాను ఇప్పుడే. 'పాలవాడి నుంచి కండక్టర్ దాకా'.

పుత్తూరు_కట్టు
నేనేం జోక్ వేయను.

చంద్రగిరి_కోట
నన్ను తిట్టినా పర్లేదు, ఒక మాట. బస్టాండ్‌లో ఆటో ఎక్కితే డ్రైవర్ బ్రదర్ అంటాడు, బజ్జీల బండి దగ్గర బ్రదర్, మా ఆఫీసులో అటెండర్ నుంచి అందరూ బ్రదరే. ఆ మాట ఒక్కటి పట్టుకుని కథ అల్లుకోవద్దు. కాకతాళీయం కావచ్చు.

పలమనేరు_కార్పొరల్
కావచ్చు. కాకపోనూవచ్చు. మా రోజుల్లో ఆఫీసర్ ఎయిర్‌మన్‌ని ఇంటిపేరుతోనో ర్యాంకుతోనో పిలిచేవాడు. మేము సార్ అనేవాళ్ళం. ఆ ఇద్దరి మధ్య అంత దూరం ఉండే చోట ఒక ఫ్లయింగ్ ఆఫీసర్ వచ్చి గుండ్లు నింపేవాణ్ణి బ్రదర్ అంటే, అది చెవిలో ఉండిపోతుంది. నాకైతే ఎవరూ అనలేదు, అందుకే చెబుతున్నా.

కొర్లగుంట_శీను
అమ్మని అడిగి వచ్చాను. సెఖోన్ అనే పేరు చెబితే గుర్తుపట్టలేదు. "పెళ్ళికి ముందు సంగతులు నాకేం తెలుసు, పెళ్ళి అయింది 74లో" అంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళబోతూ ఆగి, "కొత్తలో నన్ను కూడా బ్రదర్ అనేశాడు ఒకసారి, మా అమ్మ ముందే, సిగ్గుతో చచ్చాను. అడిగితే అలవాటైపోయింది, వదల్లేను అన్నాడు" అంది. ఎవరి దగ్గర అలవాటైందో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

కోట అన్నా, నీ మీద కోపం లేదు. నువ్వు అన్నట్టే కాకతాళీయం కావచ్చు. ఇప్పుడు మాత్రం ఫోటో పంపకుండా ఉండలేను.

చంద్రగిరి_కోట
పంపు శీనూ. స్క్వాడ్రన్ పాతదా కొత్తదా అన్నది నేను ఒప్పుకోను, ఫోటో పంపమని మాత్రం ఒప్పుకుంటాను.

పలమనేరు_కార్పొరల్
అసలు ఫోటో పంపొద్దు. స్కాన్ తీయించి మంచి కాగితం మీద ప్రింట్ పంపు. కవర్ మీద ఎవరి పేరూ వద్దు, 'కమాండింగ్ ఆఫీసర్, 18 స్క్వాడ్రన్' అని రాయి. స్క్వాడ్రన్లు ఒకచోట ఉండవు, ఈ ఏడు ఇక్కడ ఉంటే వచ్చే ఏడు ఇంకోచోట, కాబట్టి ప్రస్తుతం ఎక్కడ ఉందో కనుక్కుని పంపు. చిత్తూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, డిశ్చార్జి బుక్కు పట్టుకుని వెళ్తే దారి చెబుతారు. బుక్కులో ట్రేడ్ కూడా రాసి ఉంటుంది, చూడలేదా?

కొర్లగుంట_శీను
చూశాను సార్ ఇప్పుడే. తడిసి సగం చెరిగిపోయింది. 'ఫిట్టర్' వరకు కనిపిస్తోంది, పక్కన 'ఆర్మ' దాకా ఉంది. మీరు చెప్పిందే.

మదనపల్లె_టమాటా
స్కాన్ రైల్వే స్టేషన్ ఎదురు సందులో జిరాక్స్ షాపుల్లో వద్దు, గీతలు వస్తాయి. పాత ఫోటోలు చేసే స్టూడియోకే వెళ్ళు. వెనకవైపు కూడా స్కాన్ చేయించు, పెన్సిల్ రాతలు ఫ్లాష్ పడితే కనబడవు. ఇది జోక్ కాదు, మా తాత పట్టా కాగితం అలాగే పోగొట్టుకున్నాను.

కొర్లగుంట_శీను
స్కాన్ అయింది. రెండు వైపులా. వెనక ఎనిమిది పేర్లు ఉండాలి. ఆరు చదవగలిగాం: బాలన్, డిసౌజా, చౌబే, గుర్నామ్, పిళ్ళై, 'నేను'. నాయన తన పేరు రాసుకోలేదు, 'నేను' అని రాసుకున్నాడు, తెలుగులో. ఏడోది 'రె'తో మొదలవుతోంది, ఎనిమిదోది పూర్తిగా పోయింది. బావ కూడా పక్కనే కూర్చుని భూతద్దం పట్టుకున్నాడు, చెప్పడం మర్చిపోయాను.

పలమనేరు_కార్పొరల్
ఆ ఏడో పేరు వరకు పెద్దది చేసి ఇక్కడ పెట్టు శీనూ. మా తాంబరం ట్రైనింగ్‌లో సీనియర్ ఒకాయన ఉండేవాడు, రెడ్డప్ప అని, పీలేరు వైపు మనిషి. గ్నాట్ మీద చేశానని చెప్పేవాడు.